ట్రాలీ వెనుక ఎర్ర దీపం వెలగాలి

వరి కోతలు మొదలైతే జిల్లాలో ట్రాక్టర్లకు పగలూ రాత్రీ ఒక్కటే. కొనుగోలు కేంద్రాలకు ధాన్యం, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు, ఇళ్లకు గడ్డి మోసుకుంటూ ఊరి బాటల నుంచి 44, 63 నంబరు జాతీయ రహదారుల దాకా తిరుగుతూనే ఉంటాయి. వీటిలో చాలా ట్రాలీలకు వెనుక దీపం ఉండదు. ఉన్నా వెలగదు. ముందు దారి కనబడితే చాలునన్న ధోరణి ఇందుకు కారణం. కాని ట్రాలీ వెనుక దీపం నడిపేవాడి కోసం కాదు, వెనుక వచ్చేవాడి ప్రాణం కోసం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిలు సెకనుకు దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. ముందు నిదానంగా కదిలే నల్లటి గడ్డి లోడు దగ్గరికి వచ్చేదాకా కంటికి ఆనదు. ఎదురుగా లారీ లైటు కళ్లలో పడితే అసలే కనబడదు. అప్పుడు బ్రేకు వేసి ప్రయోజనం ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చందమే అవుతుంది.

ఇటీవల పాత బల్బులు తీసివేసి ఎల్‌ఇడి దీపాలు పెట్టించుకునే వారు పెరుగుతున్నారు. ఇది మంచి మార్పే. గతుకుల బాటలో ట్రాలీ కుదుపులకు పాత బల్బులోని సన్నని తీగ తెగిపోతుంది. ఎల్‌ఇడిలో ఆ తీగే లేదు. బ్యాటరీ వాడకం కూడా బాగా తక్కువ. పైగా పాత బ్రేకు బల్బు పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడితే, ఎల్‌ఇడి తక్షణమే వెలుగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త సమయమే మూడు మీటర్ల దూరం.

అయితే చవకగా దొరికిందని ఏదో ఒక దీపం బిగిస్తే మేలుకు బదులు కీడే జరుగుతుంది. తెల్ల ఎల్‌ఇడిని ఎర్ర అద్దం వెనుక పెడితే వెలుగు చాలావరకు అద్దమే మింగేస్తుంది. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్‌ఇడియే తగినది. అద్దం పగిలి తెల్ల వెలుగు బయటపడితే, ఎదురు వచ్చే బండి అని వెనుకవాడు భ్రమపడతాడు. మామూలు వెలుగుకూ బ్రేకు వెలుగుకూ తేడా తెలియని దీపం పనికిరాదు. ఎప్పుడూ టపటపమని కొట్టుకునే రంగుల దీపాలు పండుగ పందిరికి అందం, రోడ్డు మీద ప్రమాదం.

ఇండికేటరుకు ఎల్‌ఇడి పెడితే కరెంటు తక్కువ లాగుతుంది కనుక పాత ఫ్లాషరు వేగంగా కొట్టుకోవచ్చు, లేదా ఆగిపోవచ్చు. ఎల్‌ఇడికి తగిన ఫ్లాషరు మార్చడమే సరైన మార్గం. కొందరు మెకానిక్కులు కలిపే రెసిస్టరు బాగా వేడెక్కుతుంది. ఎండుగడ్డి మోసే బండికి అది తగదు.

దీపం ఎంత మంచిదైనా కరెంటు అందనిదే వెలగదు. ట్రాక్టరు నుంచి ట్రాలీకి వెళ్లే ప్లగ్గు ఊడిపోవడం, వైరు తెగడం, ఎర్తు కలిసే చోట తుప్పు పట్టడం నిత్యం జరిగేవే. కనుక ముందు వైరింగు, ఆ తర్వాతే కొత్త దీపం. బురద, వేలాడే గడ్డి, కిందికి దించిన వెనుక తలుపు దీపాన్ని కప్పకుండా చూసుకోవాలి. ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా తప్పనిసరి. బ్యాటరీ దిగిపోయి బండి రోడ్డు మధ్య నిలిచిన రాత్రి అవే దిక్కు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. సూర్యుడు అస్తమించిన అరగంట నుంచి ఉదయించడానికి అరగంట ముందు వరకు దీపాలు వెలగాలి. వెనుక ఎర్ర దీపం 155 మీటర్ల దూరానికి కనబడాలి. కాగితం మీది నిబంధన రోడ్డు మీదికి రావలసి ఉంది.

జరిమానా రాసి పంపేస్తే దీపం వెలగదు. కోతలకు ముందే రవాణా శాఖ, పోలీసులు మండల కేంద్రాలలో మెకానిక్కులను పిలిపించి ట్రాలీలను తనిఖీ చేయించాలి. మార్కెట్ యార్డులు, కొనుగోలు కేంద్రాల గేటు వద్దనే రిఫ్లెక్టరు స్టిక్కర్లు అతికించే ఏర్పాటు చేయాలి. ట్రాలీలు తయారుచేసే షెడ్ల వారు దీపాలు, వైరింగు లేకుండా బండి అప్పగించరాదు.

రైతు సోదరులు కూడా ఒక అలవాటు చేసుకోవాలి. పొద్దుగూకగానే బండి కదిలించే ముందు దిగి, వెనుకకు నడిచి, పాతిక అడుగుల దూరం నుంచి ఒకసారి చూడాలి. బ్రేకు తొక్కమని పక్కవారికి చెప్పి, ఆ వెలుగూ చూడాలి. నిమిషం పని. వెనుక వచ్చేవాడు ఎవరో కాదు, సెకండ్ షో చూసి వచ్చే మన ఊరి కుర్రవాడే కావచ్చు.