నోటు మీది మాట

సర్కారు కాదు, బ్యాంకే తన పేరుతో నోట్లు అచ్చేసిన రోజులున్నాయి. 1843లో చెన్నపట్నంలో పెట్టిన మద్రాసు బ్యాంకు అలాంటిదే. నోటు తెస్తే వెండి రూపాయలిస్తామని దాని మాట. ఆ మాట ఎక్కువగా చెల్లింది పట్నం షావుకార్ల మధ్యనే. 1800లోనే కంపెనీ పాలైన మన దత్తమండలంలో ప్యాపిలి రైతు శిస్తుకు దుడ్లు ఎక్కడ పుట్టించాల? గింజలమ్మాల, లేదా వడ్డీకి తేవాల.

1861 చట్టం నోట్ల హక్కును సర్కారుకిచ్చింది. 1876 చట్టమైతే భూమి తాకట్టు మీద అప్పివ్వకూడదని ఆ బ్యాంకులను కట్టేసింది. షావుకారు సరుకుకు అప్పుంది, రైతు చేనుకు లేదు!

ఇప్పటి నోటు మీద మాట రిజర్వు బ్యాంకుది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లకు ఆ మాటను సర్కారే చెల్లకుండా చేసింది. వారం కూలి 500 నోటుగా అందుకున్నవాళ్లు పని మానుకొని, బ్యాంకు గడప ముందు వరుస కట్టినారు.