సరదాకి పిస్టల్ కొనుక్కోవచ్చా? అనంతపురంలో లైసెన్స్ రావాలంటే ఏం కావాలి?

అమెరికాలో ఉన్న మీ స్నేహితుడు వీకెండ్‌లో రేంజ్‌కి వెళ్లి పిస్టల్ పేల్చిన వీడియో పంపాడు. మీకూ ఒకటి కొనాలనిపించింది. అనంతపురంలో అది కుదురుతుందా?

'ఇష్టం కాబట్టి' అని రాస్తే కుదరదు. ఆయుధాల నిబంధనలు-2016 ప్రకారం పిస్టల్ లైసెన్స్‌కి సరైన కారణం చూపాలి. ఒకటి, వృత్తి వల్లో వ్యాపారం వల్లో ప్రాణానికి, ఆస్తికి నిజమైన ముప్పు ఉండటం. సైన్యంలో, పోలీసు శాఖలో పనిచేసేవారికి, చేసినవారికి వేరే వెసులుబాటు ఉంది. మీలాంటి ఔత్సాహికులకు మిగిలేది క్రీడ. అంటే, లైసెన్స్ ఉన్న షూటింగ్ క్లబ్‌లోనో రైఫిల్ అసోసియేషన్‌లోనో గత రెండేళ్లుగా చురుకైన సభ్యులై ఉండాలి. చాలామంది దరఖాస్తు నింపేటప్పుడు గానీ ఈ 'రెండేళ్ల' సంగతి తెలుసుకోరు.

ఏ పిస్టల్?

సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండే పేలుతుంది, తర్వాతి తూటా దానంతటదే చాంబర్‌లోకి వస్తుంది. సినిమాల్లో కనిపించే 9 ఎంఎం పిస్టల్ సామాన్యుడికి దొరకదు. సైన్యం, పోలీసులు వాడే తూటా అందులో పడుతుంది కాబట్టి అది నిషేధిత బోర్. ఆత్మరక్షణ లైసెన్స్ ఉన్నవారు ఎక్కువగా కొనేది ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు తయారుచేసే .32 బోర్ పిస్టల్. టార్గెట్ షూటింగ్‌కి .22 వాడతారు. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారు దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్స్ గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

ఎవరికి దరఖాస్తు చేయాలి?

కలెక్టర్‌కి. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయింది కదా, హిందూపురం, ధర్మవరం, కదిరి వాళ్లు ఇప్పుడు పుట్టపర్తి వైపు చూడాలి. వయసు 21 నిండాలి. ఆయుధం సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కావాలి. ఆ తర్వాత పోలీసు రిపోర్టు.

ఈ జిల్లాలో ఆ రిపోర్టును లాంఛనం అనుకోవద్దు. 2005 జనవరి 24న మాజీ మంత్రి పరిటాల రవిని అనంతపురంలోని టీడీపీ కార్యాలయం దగ్గరే కాల్చి చంపారు. ఫ్యాక్షన్ చూసిన నేల ఇది. మీ పాత కేసులు, ఊళ్లో తగాదాలు అన్నీ ఆరా తీస్తారు. తీయాలి కూడా.

రెండేళ్లు ఏం చేయాలి?

ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి. .177 బోర్‌కి, 20 జౌల్స్ శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. ఇది పిల్లల ఆట అనుకుంటారేమో, హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ వ్యక్తిగత రజతం గెలిచింది దీనితోనే. 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణంలోనూ ఆమె భాగం. అసలు ఇబ్బంది దూరం. గచ్చిబౌలిలోని షూటింగ్ రేంజ్‌కి అనంతపురం నుంచి 350 కిలోమీటర్లకు పైనే. బెంగళూరు దగ్గర. అక్కడ ఉద్యోగం చేసే అనంతపురం కుర్రాళ్లకు అక్కడి క్లబ్బులే నయం.

వచ్చాక?

పెళ్లి ఊరేగింపులోనో జాతరలోనో గాల్లోకి పేల్చారా, ఎవరికీ తగలకపోయినా రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు.

ఎన్నికల ప్రకటన వస్తే స్క్రీనింగ్ కమిటీ చెప్పినవారు ఆయుధాన్ని డిపాజిట్ చేయాలి. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సభ్యులై పోటీల్లో పాల్గొనే షూటర్లకు మినహాయింపు ఉంది. అందుకే పోటీల సర్టిఫికెట్లు, సభ్యత్వ కార్డు లైసెన్స్‌తో పాటే ఉంచుకోండి. డిపాజిట్ చేయాల్సి వస్తే స్టేషన్‌లో రసీదు తీసుకోకుండా రావద్దు.