కత్తికి సాన పట్టే పది నిమిషాలూ డ్యూటీయే



ఈ వారం వీసా సంగతులు లేవు, టికెట్ సంగతులు లేవు. కత్తి సంగతి. "కత్తి గురించి రాయడానికేముంది" అని మెసేజ్ పైకి తోసెయ్యకండి. రోజంతా మీ చేతిలో ఉండేది అదే, మీ వేళ్ల పక్కన ఉండేదీ అదే.

మనవాళ్లలో ఒక మాట బాగా పాతుకుపోయింది: "మరీ పదునుంటే చెయ్యి తెగుద్ది, కాస్త మొద్దుగా ఉంటేనే సేఫ్." సూపర్‌వైజర్లు కూడా ఇదే మాట అంటారు. వాళ్లకు ఖర్చు తప్పే మాట కదా మరి. కానీ ఇది శుద్ధ తప్పు. పదునున్న కత్తి మీరు పెట్టిన దారిలో పోతుంది. మొద్దు కత్తిని బలం పెట్టి నెట్టాలి. షేరీ పొలుసు మీదో, హమూర్ వెన్నుముల్లు మీదో అది ఒక్కసారి జారితే, మీరు పెట్టిన బలమంతా చేపను పట్టుకున్న ఎడమ చేతి మీదకే వస్తుంది. సాయంత్రం రూముకొచ్చాక మణికట్టు, భుజం లాగేస్తుంటే ఏసీ గాలి అనుకుంటారు. ముందు కత్తి చూసుకోండి.

ఊళ్లో మన అలవాటు వేరు. అక్కడ కత్తిపీట. పీటను కాలితో తొక్కిపట్టి, చేపకు బూడిద రాసి, రెండు చేతులతో పట్టుకుని కత్తి మీదకు తోస్తాం. కత్తి కదలదు, చేప కదులుతుంది. ఇక్కడ అంతా తిరగబడింది. చేప బల్ల మీద ఉంటుంది, కత్తి కదులుతుంది, ఒక చెయ్యి ఎప్పుడూ దాని ఎదురుగానే ఉంటుంది. ఈ తేడా ఎవరూ నేర్పరు. మొదటి రోజే చేతిలో ఒక కత్తి పెట్టి "యాల్లా, యాల్లా" అంటారు. ఊళ్లో ఇరవై ఏళ్లు చేపలు కోసినవాడికైనా ఇక్కడ నేర్పాల్సిందే.

అసలు ఏ కత్తి? ఫిల్లెట్ తీయడానికి సన్నగా, వంగే బ్లేడు కావాలి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. అది ముల్లు వెంట వంగుతూ పోతుంది, మాంసం ముల్లుకి అంటుకుని మిగలదు. వంజరం అడ్డంగా ముక్కలు కొట్టడానికి బరువైన కత్తి వేరే ఉండాలి. ఒకే కత్తితో రెండు పనులూ చేయించే చోట సన్న కత్తి అంచు వారంలో పాడవుతుంది, తిట్లు మాత్రం మీకు పడతాయి. పిడి గరుకు ప్లాస్టిక్‌ది అడగండి. చెక్క పిడి తడి పీల్చి పగులుతుంది, పగుళ్లలో మురికి చేరుతుంది. కొవ్వు అంటిన చేతికి నున్నటి పిడి అసలు ఆగదు.

ఇప్పుడు సాన. కొన్ని చోట్ల నెలకోసారి కత్తులన్నీ మూటగట్టి కరెంటు గ్రైండర్ దగ్గరకు పంపుతారు. నిప్పురవ్వలు లేస్తాయి, చూడ్డానికి బాగుంటుంది. అంచు నీలం రంగుకి తిరిగిందంటే మాత్రం అక్కడ ఉక్కు వేడికి మెత్తబడిపోయినట్టే. ఇక ఎంత సాన పట్టినా పదును పూట కూడా నిలవదు. కత్తికి కావాల్సింది వెయ్యి నంబరు సానరాయి. నీటి రాయి అయితే ముందు పది నిమిషాలు నానబెట్టండి. కాగితం మూలను సగానికి, మళ్లీ సగానికి మడిస్తే వచ్చే వాలు కంటే కొంచెం తక్కువ వాలులో కత్తిని పెట్టి, మడమ నుంచి మొన దాకా ఒకే తీరున లాగండి. అవతలి వైపు సన్నటి గరుకు వేలికి తగిలేదాకా ఒక వైపు, తర్వాత రెండో వైపు. వేలితో చూసేటప్పుడు కత్తి వీపు నుంచి అంచు బయటికి తియ్యండి, అంచు పొడవునా ఎప్పుడూ జరపొద్దు. మధ్యమధ్యలో వాడే స్టీలు కడ్డీ పదును పెట్టదు, వంగిన అంచును నిలబెడుతుంది, అంతే. దాన్ని చూపించి "సాన పెట్టాంగా" అనేవాళ్లకు ఈ తేడా చెప్పండి. స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన తుప్పు రాదనుకోకండి. ఉప్పునీళ్లలో, బ్లీచ్ నీళ్లలో వదిలేస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. పైగా సబ్బు నీళ్ల సింకులో కత్తి వదిలితే, తర్వాత చెయ్యి పెట్టేది మీ తోటివాడే.

ఇదంతా ఎప్పుడు చెయ్యాలి? ఇక్కడే నా గొడవ. చాలా చోట్ల డ్యూటీ మొదలవడానికి ముందు రమ్మంటారు, లేదా కిలోల లెక్కన పని కాబట్టి సాన పట్టే సమయం మీ నష్టం అంటారు. ఇది ఒప్పుకోవద్దు. యూఏఈ చట్టంలో మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48. సాన పట్టడం ఆ 8 గంటల్లోని పనే. డ్రైవర్ బండికి డీజిల్ కొట్టించే సమయం జీతంలోంచి కోస్తారా?

"నేను నా సొంత కత్తి కొనుక్కున్నా" అని గర్వంగా చెప్పే అన్నలకు ఒక మాట. మీ పనితనం మీద గౌరవం ఉంది. కానీ మీరొకరు కొంటే, రేపు కొత్తగా వచ్చే కుర్రాడు మొదటి జీతం రాకముందే కొనాల్సి వస్తుంది. కత్తి, రాయి, గ్లవ్ యజమాని ఇవ్వాల్సినవి. పని ప్రమాదాల నుంచి కాపాడే సామాను ఇవ్వడం యజమాని బాధ్యత అని 2021 నాటి 33వ నంబరు చట్టం చెబుతోంది. జీతంలో ఏ కారణాలకు కోత పెట్టొచ్చో కూడా అదే చట్టం లెక్కగా చెప్పింది. పనికోసం కొత్తగా ఇచ్చే పనిముట్టు ధర అందులో లేదు.

మన వైపు తప్పు కూడా చెప్పాలి. గ్లవ్ ఇస్తే "పట్టు దొరకట్లేదు" అని తీసి పక్కన పడేసేవాళ్లు ఎక్కువ. పని గాయానికి వైద్యం ఖర్చు యజమానిదే. పనికి రాలేకపోతే 6 నెలల దాకా పూర్తి జీతం, తర్వాత 6 నెలలు సగం జీతం రావాలి. అయితే కనబడేలా రాసిపెట్టిన భద్రత సూచనలను కావాలని మీరారని తేలితే పరిహారం పోతుంది. గోడ మీద బోర్డు ఉండి, గ్లవ్ మీ లాకర్లో ఉంటే యజమాని పని సులువైపోతుంది. ఇంకో సంగతి, తెగకుండా ఆపే గుడ్డ గ్లవ్ కత్తి మొన పొడిస్తే ఆపదు. మొన ఎప్పుడూ చేతికి దూరంగా ఉంచండి.

తెగినా, ముల్లు గుచ్చుకున్నా పసుపు అద్ది పనిలోకి దిగొద్దు. శుభ్రమైన నీళ్లు, సబ్బుతో కడిగి క్లినిక్‌కి వెళ్లండి. "చేపల పని" అని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. సముద్రపు నీళ్ల క్రిములు వేరు, మందూ వేరు. కొన్ని వారాల తర్వాత గడ్డగా బయటపడతాయి. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లు ఒక్క రోజు కూడా ఆగొద్దు. టెటనస్ సూది అడగండి. గాయం పనిలో అయిందని ఆ రోజే రిపోర్టులో రాయించి, దాని ఫోటో మీ ఫోనులో ఉంచుకోండి.

సౌదీ, ఖతార్, కువైట్‌లో ఉన్నవాళ్లకు నెలల లెక్క వేరుగా ఉంటుంది, గ్రూప్ వాలంటీర్లను అడగండి. సానరాయి కోసం ఒక్కరే వెళ్లి అడగొద్దు, బల్ల దగ్గర నలుగురూ కలిసి అడగండి. నోటితో కాకుండా మెసేజ్‌లో అడగండి. మీ చోట రాయి ఉందా, గ్లవ్ ఇచ్చారా, సాన పట్టడానికి టైం ఇస్తున్నారా, ఈ మూడూ శుక్రవారం లోపు వాయిస్ మెసేజ్ పెట్టండి. కంపెనీ పేరు గ్రూపులో చెప్పొద్దు, అడ్మిన్‌కి విడిగా పంపండి.