నాన్నగారు చెప్పని బాధ

ఈ నెల మన ఇండ్లలోని పెద్దవారి సేవను గూర్చి వ్రాస్తున్నాము. ముఖ్యముగా రెండు బాధలు. ఒకటి పిత్తాశయములో రాళ్లు, రెండవది మగవారికి వయసు మళ్లినప్పుడు ప్రొస్టేటు గ్రంథి పెరుగుట. ఇవి అరుదైనవి కావు. అరవై యేండ్లు వచ్చేసరికి సుమారు సగంమంది పురుషులకు ఆ గ్రంథి ఎంతో కొంత పెరిగి ఉంటుంది. రాళ్లు స్త్రీలలో ఎక్కువే గాని, ముసలితనములో పురుషులకూ వస్తాయి. గనుక ఒకే పెద్దాయనకు రెండూ ఉండుట వింత కాదు.

కడుపునొప్పి వస్తే పెద్దాయన చెబుతాడు. మూత్రపు బాధ మాత్రం చెప్పడు. మేము గ్రామ సంఘములలో గమనించినది ఒకటున్నది. ఎన్నో యేండ్లు ముందు చాపమీద కూర్చున్న మనిషి మెల్లగా వెనుకకు జరిగి, గుమ్మము ప్రక్కన చేరుతాడు. భక్తి తగ్గిందని మనమనుకుంటాము. అరగంటకొకసారి లేవవలసి వస్తున్నదని ఆయన ఎవరితోనూ అనడు. పెండ్లిళ్లకు రానంటాడు, బస్సెక్కనంటాడు, మంచినీళ్లు మానుకుంటాడు. కోడలికి ఇదంతా తెలుస్తూనే ఉంటుంది, కాని మామగారిని ఎలా అడుగుతుంది? కొడుకే అడగాలి. నలుగురిలో కాదు, పొలము గట్టున ఇద్దరే ఉన్నప్పుడు: “నాన్నా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? ధార సన్నగా వస్తున్నదా? ఇంకా మిగిలినట్టు ఉంటున్నదా?” ఈ మూడు ప్రశ్నలు చాలు.

నీళ్లు మానుట మందు కాదు. పగలు సరిపడా త్రాగి, చీకటి పడిన తరువాత తగ్గించుకోవాలి. సాయంత్రపు టీ కూడా. మలబద్ధకము ఉంటే మూత్రము మరింత బిగుస్తుంది గనుక ఆకుకూరలు, పండ్లు పెట్టండి. మంచము నుండి దొడ్డి వరకు దారిలో దీపము ఉంచండి, లేదా మంచము ప్రక్కనే మూతగల డబ్బా పెట్టండి. డాక్టర్లు సామాన్యముగా ఇచ్చే టామ్సులోసిన్ వంటి మాత్రవలన కొందరికి లేచి నిలువగానే కళ్లు తిరుగుతాయి. ముందు మంచము అంచున కాసేపు కూర్చుని లేవమనండి. తుంటి ఎముక విరిగిన ముసలివాని కష్టము మనమెరుగనిది కాదు.

మరొక సంగతి. జలుబు చేసిందని అంగడిలో కొన్న మాత్రలు కొన్ని, ప్రొస్టేటు పెరిగినవారికి ఉన్నట్టుండి మూత్రమును బంధిస్తాయి. పొత్తికడుపు ఉబ్బి, ఒక్క చుక్కయినా రాక విలవిలలాడుతుంటే తెల్లవారనిమ్మని ఆగకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గొట్టము వేస్తే నిమిషాలలో ఉపశమనము కలుగుతుంది.

ఇక రాళ్లు. ఆ మాట వినగానే మన ఊళ్లలో ఉలవకట్టు, అరటిదూట రసము మొదలుపెడతారు. అవి మూత్రపిండములలోని రాళ్లకు వాడుకలో ఉన్న మందులు. పిత్తాశయము వేరే చోట ఉన్నది. కాలేయము క్రింద, పైత్యరసము నిలువయుండే చిన్న తిత్తి అది. మనము త్రాగిన రసము దానిలోనికి పోదు, ఆ రాళ్లను కరిగించదు. బాధ పెట్టని రాళ్లను చాలామందికి అలాగే వదిలివేస్తారు. నూనె పదార్థాలు తిన్న తరువాత కుడివైపు ప్రక్కటెముకల క్రింద నొప్పి లేచి, వీపుకో కుడి భుజానికో ప్రాకుతూ పదేపదే వస్తుంటే మాత్రము ఆపరేషన్ చేసి తిత్తినే తీసివేస్తారు. అది లేకుండా మనిషి చక్కగానే బ్రదుకును.

వృద్ధులలో మోసము ఎక్కడంటే, తిత్తి చీము పట్టినా వారికి నొప్పి అంతగా తెలియకపోవచ్చును. అన్నము వద్దంటారు, మాట తడబడుతుంది, ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. వయసని ఊరుకోవద్దు. చలిజ్వరము, కళ్లు పచ్చబడుట, మూత్రము ముదురు రంగుగా మారుట కనబడితే పసరు మందులకు పోక వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

రెండు జబ్బులూ కలిసేది ఇక్కడే. పెద్దాయన రాళ్ల ఆపరేషనుకు చేరినప్పుడు మూత్రపు బాధ చెప్పకపోతే, మత్తుమందువలన, నొప్పి మందులవలన ఆపరేషన్ తరువాత మూత్రము ఆగిపోవచ్చును. ముందే తెలిస్తే డాక్టర్లు మాత్రలు సర్ది, జాగ్రత్తపడతారు. గనుక ఆసుపత్రి చీటీలో ఆ సంగతి వ్రాయించండి. ఆయన సిగ్గుపడితే మీరే చెప్పండి.

గొట్టముతో ఇంటికి పంపితే భయపడకండి. సంచి ఎల్లప్పుడూ పొత్తికడుపుకంటె దిగువన ఉండాలి. మంచము పట్టెకు కట్టండి. మంచము పొట్టిదైతే శుభ్రమైన బేసినులో పెట్టండి, నేలను తాకనీయవద్దు. ముట్టుకొనేముందు, తరువాత సబ్బుతో చేతులు కడగాలి. గొట్టము లోనికి వెళ్లే చోటును రోజూ సబ్బునీటితో శుభ్రపరచి, ముందు చర్మమును తిరిగి యథాస్థానమునకు తేవాలి. తొడకు అంటించిన పట్టీ ఊడితే మరల వేయండి. గొట్టము మెలిపడకూడదు. సంచిలోనికి ఏమీ దిగడము లేదంటే, ముందు మెలిక చూసి, లేకపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఈ పనికి కొడుకో మనుమడో ముందుకు వస్తే పెద్దాయనకు సగము సిగ్గు తీరును. ప్రొస్టేటు ఆపరేషన్ అయినవారికి కొన్ని వారాల వరకు మూత్రములో కొంచెము ఎరుపు కనబడవచ్చును. నీళ్లు బాగా త్రాగించండి, బరువులు ఎత్తనీయకండి. గడ్డలు పడి మూత్రము ఆగితే మాత్రము వెంటనే వెళ్లాలి.

పరీక్ష సంగతి అడిగినవారికి: పొట్ట స్కానింగులో రెండూ ఒకేసారి చూడవచ్చును. పిత్తాశయమునకు పరగడుపున వెళ్లాలి, ప్రొస్టేటునకు మూత్రాశయము నిండి ఉండాలి. ఉదయము ఏమీ తినకుండా వెళ్లి, నీళ్లు ఎప్పుడు త్రాగాలో అక్కడివారిని అడగండి. మూత్రము పోసి వచ్చిన తరువాత ఇంకా ఎంత మిగిలిందో మరల చూస్తారు గనుక, అది కాకుండా తిరిగి రావద్దు. ఆపుకొనలేని పెద్దాయనను చాలాసేపు వరుసలో కూర్చోబెట్టక, ముందుగా లోనికి పిలువుమని మీరే వెళ్లి అడగండి. సామాన్యముగా కాదనరు.