పని యెఱిగినవారికే తొలి హక్కు

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి యాంకర్ బీరు కర్మాగారము 1896లో ఆ పేరు దాల్చినది. 1906 నాటి భూకంపాగ్నిలో కాలిపోయి మరల లేచినది. 1920 మొదలు 1933 వఱకు సాగిన మద్యనిషేధమున ఆగి మరల సాగినది. 1965లో మూతపడ సిద్ధముగా నుండగా ఫ్రిట్జ్ మేటాగ్ అను యువకుడు నూటికి 51 వంతుల వాటా కొని దానిని నిలబెట్టెను. చలువ కోరు ఈస్టును లోతులేని తొట్లలో వెచ్చగనే పులియబెట్టు స్టీము బీరు పద్ధతిని ఆయన విడువలేదు. అమెరికాలోని చిన్న బీరు కర్మాగారములకు ఇదియే మార్గదర్శకమైనది.

2017లో జపానుదేశపు సప్పోరో సంస్థ దీనిని కొనెను. అమ్మకములు తగ్గెనని 2023లో మూసివేసెను. అగ్నియు శాసనమును తుదముట్టింపలేని దానిని లెక్కల పుస్తకము మూయించినది! కార్మికులు తామే కొని సహకార పద్ధతిని నడుపుదుమనిరి గాని, ఆ యత్నము ఫలింపలేదు. 2024లో హమ్ది ఉలుకాయ అను వ్యాపారి దీనిని కొనెను.

మద్యపానమును మేము ప్రశంసించుట లేదు. మగ్గమైనను, నూనెగానుగయైనను న్యాయమొక్కటే. నష్టము వచ్చినపుడు దూరపు యజమాని తలుపు మూసి పోగలడు; పనివాడు పోజాలడు. కావున మూతపడు పరిశ్రమను కొనుటకు అందలి పనివారికి తొలి యవకాశ మీయవలెనని మా యభిప్రాయము.