దారి చెప్పేది ఫోను, చూడవలసింది రోడ్డు



ఆదోని, కోసిగి, కౌతాళం, గోనెగండ్ల వైపు నుంచి ఎమ్మిగనూరుకు వైద్యం కోసం వచ్చే కుటుంబాలలో చాలామందికి మోటారు సైకిలే ఆధారం. ఇప్పుడు ఆ బండి హ్యాండిల్ మీద ఫోను, ఫోనులో దారి చూపే మ్యాపు కూడా మామూలైపోయాయి. "బండికి ప్రత్యేకంగా జి.పి.ఎస్. పరికరం కొనుక్కోమంటారా?" అని సంఘ యువకులు అడుగుతూ ఉంటారు. ఏది కొన్నా, బండి కదులుతున్నంతసేపు దానివైపు చూడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. మ్యాపు మీద మూడు సెకన్లు చూపు నిలిపితే 50 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్లే. ఆ 50 మీటర్లలో గొర్రెల మంద అడ్డు రావచ్చు, లైటు లేని పత్తి ట్రాక్టరు నిలిచి ఉండవచ్చు, బడి పిల్లవాడు రోడ్డు దాటవచ్చు. ప్రార్థన చేసుకుని బయలుదేరిన మనం, ఆ తరువాత కళ్ళను ఫోనుకు అప్పగించడం సరికాదు.

జి.పి.ఎస్. చేసే పని కూడా తెలుసుకోవాలి. అమెరికా ప్రభుత్వం నడిపే ఈ వ్యవస్థ 1995లో పూర్తిగా పనిలోకి వచ్చింది. భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను మన ఫోను అందుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు దొరికితే మనం ఎక్కడున్నామో లెక్కగడుతుంది. దీనికి సెల్ టవరు అవసరం లేదు. కాని మ్యాపును మాత్రం ఇంటి దగ్గరే ఫోనులోకి దించుకోవాలి. మనం నిలబడిన చోటు ఉపగ్రహాల వల్ల తెలుస్తుంది; ముందున్న వంక పారుతున్నదో లేదో తెలియదు.

ఒక వానాకాలం సాయంత్రం పెద్దకడుబూరు వైపు ఒక పల్లెలో రోగిని చూడడానికి వెళ్తూ నేనూ ఫోను మాట విన్నాను. దగ్గర దారి అని అది నన్ను పొలాల మధ్య బండ్లబాటలోకి మళ్ళించింది. కొంతదూరం పోగానే రేగడి మట్టి చక్రాలకు పట్టుకుని బండి నిలిచిపోయింది. పొలంలో ఉన్న పెద్దాయన చూసి, "ఆ దావ పోవద్దు సార్, ముందర వంక పారుతాంది. రోడ్డుకే పొండి" అన్నాడు. ఆయనను ముందే అడిగి ఉంటే నాకు గంటసేపు, రోగికి ఎదురుచూపు తప్పేవి.

అందరికీ ఇంత తేలికగా తప్పిపోదు. 2024 మే నెలలో హైదరాబాదు నుంచి కేరళ వెళ్ళిన నలుగురు ఫోను చూపిన దారిలో వెళ్ళి, కొట్టాయం జిల్లాలో కారుతో సహా పొంగిన వాగులో పడ్డారు, ప్రాణాలతో బయటపడ్డారు. అదే సంవత్సరం నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో, రామగంగ నది మీద సగం తెగిపోయిన వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు మరణించారు. వారు కూడా మ్యాపు చూసుకునే వెళ్ళారని పోలీసులు చెప్పారు.

ఇక ఏది కొనాలన్న ప్రశ్న. ఎండలో, వానలో రోజంతా దూరప్రయాణాలు చేసేవారికి నీరు చొరని ప్రత్యేక పరికరం ఉపయోగమే. మన మండలాల మధ్య తిరిగేవారికి చేతిలో ఉన్న ఫోను చాలు. మిగిలిన డబ్బుతో ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్ కొనండి. వెనక కూర్చునేవారికి కూడా ఒకటి కొనండి. ఫోనును హ్యాండిల్‌కు బిగిస్తే ఇంజను అదురుకు కెమెరా పాడయ్యే అవకాశం ఉందని ఆపిల్ కంపెనీ 2021లో హెచ్చరించింది. మన ఎండలకు ఫోను వేడెక్కి ఆగిపోవడమూ ఉంది.

వాడేవారు ఈ కొద్దిపాటి జాగ్రత్తలు పాటించండి:

1. ఊరిపేరుతో పాటు మండలం పేరు కూడా చూసుకోండి. ఒకే పేరుగల ఊళ్ళు అనేకం ఉన్నాయి.

2. బయలుదేరే ముందే దారంతా ఒకసారి చూసి, రెండు మూడు మలుపులు గుర్తుపెట్టుకోండి.

3. వెనక మనిషి ఉంటే ఫోను వారికివ్వండి. వారు చూసి చెప్పాలి. ఒంటరిగా ఉంటే, బండిని రోడ్డు దిగి ఆపి చూడండి. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడుకను నిబంధనలు అనుమతిస్తున్నాయి. అదీ నడిపేవారి ధ్యాస చెదరనంతవరకే.

4. వాన పడితే, ఎల్లెల్సీ కాలువ కట్ట మీదికో బండ్లబాటలోకో మళ్ళమని ఫోను చెప్పినా, ముందు ఊరివారిని అడగండి.

ఇంకొక మాట. గుండెనొప్పి, కాన్పు నొప్పులు, పెద్ద దెబ్బలు అయితే రోగిని బండి మీద తేవడానికి తొందరపడకండి. 108కి ఫోను చేసి ఊరు, మండలం, దగ్గరలోని చర్చి, బడి, నీళ్ళ ట్యాంకు వంటి గుర్తులు చెప్పండి. వీలైతే మీ ఫోనులోని లొకేషన్ పంపి, ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి.

యెరికో దారిలో గాయపడి ఉన్నవానిని సమరయుడు చూచాడు, ఆగాడు. మన కళ్ళు కూడా దారి మీద ఉంటేనే, పక్కన పడి ఉన్న మనిషి మనకు కనిపిస్తాడు. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.