కల్పిత మృగములకు నామకరణము

లోకమున ప్రతి జంతువునకును ఒక పేరు కలదు. ఆ పేరు పెట్టినవా డెవడో మన మెరుగము. కాని దానిని విన్నంతనే పెట్టినవాని చూపు, వాని బ్రదుకు, వాని భయము మనకు కొంత తెలియవచ్చును. కథలు వ్రాయ నుత్సహించు విద్యార్థులు ఈ సంగతిని మరచుచున్నారని నా యభిప్రాయము. నేటి బాలురు వ్రాయు అద్భుత కథలలో డైనోసారులు విరివిగా సంచరించుచున్నవి. మానవులు వానిపై నెక్కి స్వారి చేయుదురు. వానితో పొలము దున్నింతురు. వానితో యుద్ధము చేయుదురు. సంతోషమే. కాని ఆ కథలోని పసులకాపరి సైతము వానిని ట్రైసెరటాప్స్ అనియు స్టెగోసారస్ అనియు పిలుచుచుండును. గ్రీకు దేశమే యెరుగని కాపరి నోట గ్రీకు మాట వెలువడిన క్షణముననే కథపై మన నమ్మకము సడలిపోవును.

డైనోసారు అను మాటను 1842వ సంవత్సరమున రిచర్డ్ ఓవెన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కల్పించెను. భయంకరమైన బల్లి యని దాని యర్థము. మనవారు దానిని రాక్షసబల్లి యని తెనిగించిరి. మాట వినసొంపుగనే యున్నది, వాడుకలోనికి వచ్చినది. అయినను దానియందు రెండు లోపములు గలవు. ఈ జంతువులు బల్లులు కావు. పక్షులు వీని వంశముననే పుట్టినవని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఇది మొదటి లోపము. రెండవది కథకునకు మరింత ముఖ్యమైనది. రాక్షసబల్లి యనునది యొక జంతువు పేరు గాదు, ఒక మహాసముదాయము పేరు. పల్లెలో ఆవు, బర్రె, మేక, ఎలుక యను పేర్లు గలవు. వీని నన్నిటిని కలిపి చెప్పు క్షీరదము అను మాట పాఠ్యపుస్తకమున దప్ప వినరాదు. అటులనే ఆ మృగములతో కలిసి బ్రదుకు జనులకు రాక్షసబల్లి యను మాటతో పని యుండదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు మాత్రమే యుండును.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. మన ఇబ్రహీంపట్నము చుట్టును గల గుట్టలలో ఈ జంతువుల యెముకలు దొరకవు. ఏలయన, ఈ నల్లరాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది, కరిగిన శిల గడ్డకట్టగా నేర్పడినది. కాని ఉత్తరమున ప్రాణహితా గోదావరుల లోయలో, నీరు తెచ్చి పేర్చిన ఇసుకరాతి పొరలలో, అవి సమృద్ధిగా లభించినవి. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి గ్రామము పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అను నామమున నిలిచినది. దానికి 1988లో నామకరణము జరిగెను. దాని యస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నేడును చూడవచ్చును. మలేరి, ధర్మారము, జక్లపల్లి యను ఊళ్ళ పేర్లును ఇటులనే శాస్త్రగ్రంథములకెక్కినవి. 2025లో గూడ మలేరి పేరుతో మలేరిరాప్టర్ అను నూతన నామ మొకటి వెలువడినది.

వీనిలో నన్ను మిక్కిలి యాకర్షించునది బరపాసారస్ టాగోరీ. 1975లో దీనికి పేరు పెట్టిన పండితులు బంగాళీ భాషలో పెద్దకాలు అను నర్థము గల మాటను గైకొని, రవీంద్రుని శతజయంతి వత్సరమైన 1961లో జరిగిన పరిశోధనకు గురుతుగా ఆ కవి పేరును జోడించిరి. చూచితిరా! ఎముకను చూచిన పండితుని నోటను మొదట వచ్చినది పెద్దకాలు అను ఇంటిమాటయే. పసులకాపరియు అదే యనును.

కావున జనులు పేర్లు పెట్టు విధమును కథకుడు పరిశీలింపవలెను. ఒంటిపై కట్లు గలది కట్లపాము. చెట్టును తొలుచు పని చేయునది వడ్రంగిపిట్ట. దుమ్ములనగా నెముకలు; వానిని కొరుకునది దుమ్ములగొండి. నీట నుండునది, కుక్కవలె గానవచ్చునది నీరుకుక్క. పరదేశము నుండి వచ్చిన చెట్టు సీమచింత. రాత్రివేళ పాము పేరెత్తుటకు వెరచి పురుగు అందురు. రూపము, పని, ఉనికి, పోలిక, భయము: ఇవియే నామకరణమునకు మూలములు. పేరు సత్యమే కావలెనను నియమము లేదు. ముళ్ళపంది పంది కాదు. రెండుతలల పామునకు తల యొక్కటియే, తోక మొద్దుగా నుండుటచే రెండవ తలవలె దోచును. పేరునకు సత్యముకంటె కారణము ముఖ్యము.

ఈ మార్గమున పోయినచో కోటాసారస్‌ను ఏమందుము? పొడవైన మెడను వంచి నీరు త్రాగి మరల పైకెత్తు ఆ జంతువును చూచిన రైతునకు తన బావియొద్ద ఏతము తోచును. కావున అది ఏతపుమెడ. వీపుపై పలకలు నిలువుగా గల స్టెగోసారస్ పెంకులవీపు. తోక చివర గుదిబండవంటి గడ్డ గల ఆంకిలోసారస్ రోకలితోక. మూడుకొమ్ముల ట్రైసెరటాప్స్ ముక్కొమ్ము. దానిని నాగలికి గట్టిన యూరిలో దాని దూడకు వేరు పేరు, ఆడుదానికి వేరు పేరు నుండవలెను. ఆవు, ఎద్దు, కోడె, పెయ్య, లేగ యని మనకు లేవా? ఇక టిరానోసారస్ అనగా నియంతయైన బల్లి యని యర్థము. తెలంగాణపు పల్లెలో అట్టి దానికి వేరు పేరు వెదకనక్కరలేదు. దొర యనిన చాలును. వినినవాడు తలుపు మూసికొనును.

కొందరు పెద్ద లిట్లనవచ్చును: ఇవి మోటుమాటలు, దీర్ఘగ్రీవము, త్రిశృంగము అను సంస్కృత నామము లుండగా ఇవి యేల? నే నా పేర్లను కాదనను. కాని వానికి తగిన చోటు వేరు. కథలోని ఆస్థాన పండితుడు దీర్ఘగ్రీవ మనును. కాపరి ఏతపుమెడ యనును. ఒకే మృగమునకు రెండు నోళ్ళలో రెండు పేర్లుండుటచే ఆ రాజ్యమున కోటకును పేటకును గల దూరము వర్ణన లేకయే తెలియును. మరికొందరు, ఇది బాలుర యాట, దీనికింత విచారమేల యందురు. దీనికి నా సమాధానము కలివికోడి కథ.

కడప ప్రాంతపు చిట్టడవులలో కలివిపొదల నడుమ నుండు ఈ పక్షిని శాస్త్రజ్ఞులు 1848లో వర్ణించిరి. 1900 తరువాత అది వారి కంటబడలేదు, నశించినదని తలచిరి. 1986లో అది మరల దొరికినది. పండితులు లేదనుకొన్న కాలమున దాని పేరు ఆ యడవి ప్రక్క పల్లెలలో బ్రతికియే యున్నది. పొదపేరు, పిట్టరూపు రెండును ఆ చిన్నమాటలో నిమిడి యున్నవి. ఆ మాట యెరిగినవానికి పక్షిని ఎక్కడ వెదకవలెనో గూడ తెలియును. జనుల నోటనుండు పేరు వట్టి శబ్దము గాదు, అది వారి జ్ఞానము.

మన చెరువు కుతుబ్‌షాహీల నాటిది. దాని గట్టున ఎన్నియో పక్షులు వ్రాలును. అచ్చటి పెద్దలు అలుగు అనిన ఒకప్పుడు చెరువునీరు పొరలిపోవు చోటు, ఒకప్పుడు పొలుసుల మెకము. సందర్భమును బట్టి గ్రహింతురు. మన విద్యార్థులలో ఆ రెండర్థములు నెరిగినవా రెందరు? ఆ గట్టున వ్రాలు పది పక్షుల పేర్లు చెప్పగలవా రెందరు? ఉన్న జంతువు పేరు తెలియనివాడు లేని జంతువునకు నమ్మదగిన పేరు పెట్టలేడు. వాని కల్పన పుస్తకమునుండి పుస్తకమునకు పోవును గాని నేలను తాకదు.

కావున అద్భుత కథలు వ్రాయదలచిన మిత్రులారా, మొదట కాగితమును ప్రక్కనుంచి కాపరులయొద్దకును, బెస్తవారియొద్దకును, మీ యింటి వృద్ధులయొద్దకును పొండు. ఏ పురుగు పేరేమి, ఏ పిట్ట పేరేమి, ఆ పేరేల వచ్చినదని అడుగుడు. విన్నదానిని వ్రాసికొనుడు. పిమ్మట మీ రాక్షసబల్లులను తోలుకొని రండు. వానికి పేర్లు వాని యంతట అవియే వచ్చును.